మోదుగ గింజలు, నలభై గొర్రెపిల్లలు: ఉదయగిరి వైపు ఒక మందలో చేసిన పరీక్ష

జనవరి రెండో వారంలో ఒక ఉదయం, నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కనుచూపు మేరలో ఉన్న ఒక పల్లెలో, దొడ్డి బయట చచ్చిపడిన గొర్రెపిల్లను కోసి చూశాను. నెల్లూరు జాతిలో జోడిపి రకం, ఎనిమిది నెలల పిల్ల. తెల్లని ఒళ్లు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలు. చర్మం ఒలుస్తున్నప్పుడే సగం సంగతి తెలిసిపోయింది. కండలో రంగు లేదు, నానబెట్టిన గుడ్డలా ఉంది. పొట్టలో నీరు చేరింది. దవడ కింద వాపును కోస్తే జిగురు నీళ్లు కారాయి తప్ప చీము లేదు. గొర్రెకున్న నాలుగు పొట్టల్లో చివరిదాన్ని, అంటే నాలుగో పొట్టను కత్తెరతో నిలువునా చీల్చి తెరిచేసరికి లోపలి మడతల మీద పురుగులు కుప్పగా కదులుతున్నాయి. ఒకదాన్ని పటకారుతో తీసి పింగాణీ పళ్లెంలో ఉప్పునీళ్లలో వేశాను. పొడవు అంగుళం లోపే. రక్తంతో నిండిన ఎర్రని పేగు, దాని చుట్టూ తెల్లని అండాశయం, రెండు రంగుల దారాలను కలిపి పేనినట్టు ఉంది. గొర్రె రక్తం పీల్చే హీమాంకస్ కంటార్టస్ అనే నట్టలో ఆడపురుగు.

మందయజమాని పెద్దాయన కర్ర పక్కన పెట్టి వంగి చూశారు.

"ఇవేనా డాక్టరు గారూ? దసరాకు ఒకసారి, మళ్లీ నెల కిందట ఒకసారి నట్టల మందు పోశాను కదా! ఇవి ఎలా మిగిలాయి?"

నా దగ్గర ఆ రోజు సమాధానం లేదు. ఆయన కాసేపు ఆగి ఇంకో మాట అన్నారు. "మా తాత ఈ సీసాల మొహం ఎరుగడు. మోదుగ గింజలు నూరి పుల్లమజ్జిగలో కలిపి వెదురు గొట్టంతో పోసేవాడు. మీరు చదువుకున్నవారు, అది పనిచేస్తుందో లేదో మీరే చెప్పాలి."

ఈ ప్రశ్నను నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. కనిగిరి, పామూరు వైపు ఒక ఊళ్లో వేపాకు అంటారు, ఇంకో ఊళ్లో వాయువిడంగాలు అంటారు, కొండ కింద ఊళ్లలో మోదుగ అంటారు. అవునని చెప్పిన వైద్యులూ ఉన్నారు, మూఢనమ్మకం అని కొట్టిపారేసిన వైద్యులూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ పెంటికలు తీసి వాటిలోని పురుగు గుడ్లు లెక్కపెట్టడం నేను చూడలేదు. ఈసారి లెక్కపెట్టాలని అక్కడే నిర్ణయించుకున్నాను. ఆ లెక్క ఎలా జరిగిందో, ఎక్కడ తప్పు చేశానో, చివరికి ఏమి తేలిందో మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మంద సంగతి

మందలో నూట యాభైకి పైగా జీవాలు. అన్నీ నెల్లూరు జాతే. ఎక్కువ జోడిపి, కొన్ని పల్ల, నాలుగైదు దొర. పెద్ద గొర్రెలు ఒకమాదిరిగా తట్టుకుంటున్నాయి. పాలు మరిచి ఏడాది నిండని పిల్లలే కుంగిపోతున్నాయి. వాటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి, ఒంట్లో రక్తం ఎంత తగ్గిందో చెప్పే ఫమాచా రంగుల పటంతో పోల్చాను. ఎర్రగా ఉంటే ఒకటి, తెల్లగా పాలిపోతే ఐదు. దక్షిణాఫ్రికాలో హీమాంకస్ కోసమే తయారైన పటం అది. ఈ మందలో పిల్లలు చాలావరకు మూడు దగ్గర ఉన్నాయి. నాలుగు, ఐదు ఉన్నవాటికి పరీక్షతో సంబంధం లేకుండా అదే రోజు చికిత్స చేశాను.

ఈ పురుగు ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం లాగేస్తుంది. అంటే ఒక్క చుక్క. కానీ వెయ్యి పురుగులు చేరితే రోజుకు 50 మిల్లీలీటర్లు. ఇరవై కిలోల పిల్ల ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా లీటరున్నరకు మించదు. ఆడపురుగు రోజుకు 5,000 గుడ్లకు పైగా పెడుతుంది. పెంటికలతో నేల మీద పడిన గుడ్డుకు తడి, వెచ్చదనం దొరికితే వారంలోపే అది పొదిగి, పశువుకు సోకే దశకు చేరుతుంది. మంచు తడిలో గడ్డి పరక మీదికి పాకుతుంది. గొర్రె మేసిన మూడు వారాలకు మళ్లీ గుడ్లు మొదలవుతాయి. మన జిల్లాకు వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. స్వాతి, విశాఖ కార్తెల్లో కురిసిన వానకు చెరువు గర్భంలో పచ్చిక లేస్తుంది, చుట్టుపక్కల మందలన్నీ అక్కడే చేరతాయి. సంక్రాంతి నాటికి దవడ వాపులు మొదలవుతాయి. ప్రతి ఏటా ఇదే వరస.

గాజు పళ్లెంలో

మోదుగను ఎంచుకోవడానికి పెద్దాయన తాత మాట ఒక్కటే కారణం కాదు. పలాశ బీజం, అంటే మోదుగ గింజ, క్రిమిహరమని ఆయుర్వేదంలో పాత పేరు. దానిలో పలసోనిన్ అనే పదార్థం ఉంది, పురుగుల మీద పనిచేసేది అదేనని చాలాకాలంగా అనుకుంటున్నారు. పాకిస్తాన్ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఈ గింజల పొడిని గొర్రెలకు కిలో బరువుకు 1, 2, 3 గ్రాముల చొప్పున పోశారు. 3 గ్రాములు పోసినవాటిలో పదో రోజుకు పెంటికల్లోని గుడ్లు 78.4 శాతం తగ్గాయి. అదే ప్రయోగంలో లెవామిసోల్ అనే నట్టల మందు 99.1 శాతం తగ్గించింది. అంటే తాత మాటలో ఏదో ఉంది. ఎంత ఉంది అన్నదే నా ప్రశ్న.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకున్నాను. పలసోనిన్ నిర్మాణంలో కాంథారిడిన్‌కు దగ్గరి బంధువు. కాంథారిడిన్ అంటే ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పురుగుల్లోని విషం. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని ఉండదు అనే మాట నా ముందు ఎవరైనా అంటే నేను మోదుగ గింజనే చూపిస్తాను. గర్భం నిలవకుండా చేసే గుణం ఉందని కూడా ఈ గింజలకు పాత వైద్యంలో పేరుంది. అందుకే చూడి గొర్రెలను, విత్తన పొట్టేళ్లను మొదటి నుంచీ పక్కన పెట్టాను.

మోదుగ మాఘ, ఫాల్గుణాల్లో పూస్తుంది, కాయ వేసవిలో ముదురుతుంది. పలచటి చప్పిడి కాయ, కొసన ఒకే ఒక్క గింజ. పెద్దాయన కోడలు వేసవిలో ఏరి డబ్బాలో దాచిన గింజలు నాలుగు కిలోల దాకా ఉన్నాయి. పై పొట్టు తీయడానికి రాత్రంతా నానబెట్టి, గోటితో ఒలిచి, నీడలో ఎండబెట్టి, పొడి కొట్టించాను. ఎండలో కాదు, నీడలోనే.

వేడి విషయంలో ఇంత పట్టుదలకు కారణం చైనా శాస్త్రవేత్త తూ యోయో. మలేరియాకు వాడే పాత మూలికను మరిగిస్తే ఫలితం నిలకడగా రావడం లేదు. వేడికి అసలు పదార్థం చెడుతోందని ఆమె అనుమానించి, 1971లో తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో దాన్ని తీశారు. ఆర్టెమిసినిన్ అలా దొరికింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది అదే బహుమతిని పంచుకున్న మిగిలిన ఇద్దరు, ఒమురా, క్యాంప్‌బెల్, మనం రోజూ వాడే పురుగుల మందు ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పదార్థాన్ని కనుగొన్నవారు. ఒకే చెట్టు మందు కూడా తీసే పద్ధతిని బట్టి పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. కాబట్టి నేను రెండు రకాలు తీశాను. ఒకటి మరిగించిన కషాయం. రెండోది 70 శాతం ఆల్కహాలులో మూడు రోజులు నానబెట్టి, వడగట్టి, ఆల్కహాలును పూర్తిగా ఆరిపోనిచ్చిన సారం.

పురుగుల కోసం తెల్లవారుజామున మాంసం దుకాణానికి వెళ్లేవాడిని. కోసిన గొర్రె నాలుగో పొట్టను రెండు చివర్లా దారంతో కట్టి ఇచ్చేవారు. వెంటనే తెరిచి, పురుగులను మెత్తటి కుంచెతో ఏరి, వెచ్చటి ఉప్పునీళ్లు పోసిన ఫ్లాస్కులో వేసుకుని తెచ్చేవాడిని. అరగంట ఆలస్యమైతే పురుగు నీరసిస్తుంది, ఇక ఆ ప్రయోగానికి అర్థం ఉండదు.

మొదటి ప్రయోగంలో పెద్ద పొరపాటు చేశాను. కషాయాన్ని మామూలు నీళ్లతోనే కాచాను. పది పురుగులను ఆ కషాయంలో వేస్తే రెండు గంటల్లో కదలిక ఆగిపోయింది. మనసు ఎగిరింది. అదృష్టవశాత్తు పక్కన ఉత్త నీళ్ల పళ్లెం ఒకటి పెట్టి ఉంచాను. చూస్తే దానిలో పురుగులు కూడా ఉబ్బి, బిగుసుకుని, దాదాపు ఆగిపోయి ఉన్నాయి. గొర్రె ఒంట్లో ఉప్పదనానికి అలవాటు పడిన పురుగు ఉత్త నీళ్లలో నీరు పీల్చుకుని ఉబ్బిపోతుంది. వాటిని చంపింది మోదుగ కాదు, నీళ్లు. ఆ పళ్లెం పెట్టకపోయి ఉంటే ఈ వ్యాసం వేరే రకంగా రాసేవాడిని, అది అబద్ధమయ్యేది.

తరువాత అన్నీ 0.9 శాతం ఉప్పునీళ్లలోనే కలిపి, పళ్లేలను గొర్రె ఒంటి వేడికి దగ్గరగా ఉంచి మళ్లీ చేశాను. ఈసారి ఉత్త ఉప్పునీళ్ల పళ్లెంలో పురుగులు సాయంత్రం దాకా పాముల్లా మెలికలు తిరుగుతూనే ఉన్నాయి. లెవామిసోల్ పళ్లెంలో కొద్దిసేపటికే బిగుసుకుపోయాయి. కషాయంలో మందగించాయి కానీ శుభ్రమైన వెచ్చటి ఉప్పునీళ్లలోకి మార్చితే సగానికి పైగా మళ్లీ కదిలాయి. ఆల్కహాలు సారం మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు వేసిన పళ్లెంలో నాలుగు గంటలకు అన్నీ ఆగాయి, మార్చినా కదలలేదు. మోదుగలో సత్తువ ఉందని అక్కడ నాకు నమ్మకం కలిగింది.

అయితే ఆ రాత్రి కాగితం మీద ఒక లెక్క వేశాను. ఇరవై కిలోల పిల్ల నెమరు పొట్టలో మూడు లీటర్ల సరుకు ఉందనుకుందాం. పళ్లెంలో ఉన్న గాఢత అక్కడ రావాలంటే 75 గ్రాముల సారం కావాలి. నాకు పది గ్రాముల గింజల నుంచి ఒక గ్రాము సారం వచ్చింది. అంటే ఒక్క పిల్లకు 750 గ్రాముల గింజలు! అంత గింజ పోస్తే పురుగు కంటే ముందు గొర్రె పోతుంది. పైగా నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని ఎంత విరగ్గొడతాయో, నాలుగో పొట్టకు ఎంత చేరుతుందో పళ్లెం చెప్పదు. పళ్లెంలో పురుగు చచ్చిందని చెట్టు మందును మెచ్చుకునే రాతలు చదివినప్పుడల్లా నాకు ఇప్పుడు ఈ 750 గ్రాములే గుర్తొస్తాయి. గొర్రెలో చూడక తప్పదు.

దొడ్డిలో

పశువైద్య కళాశాలలో పరాన్నజీవి శాస్త్రం చెప్పే ఒక మిత్రుడికి ప్రణాళిక చూపించి, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి తీసుకున్నాక మొదలుపెట్టాం. ఆరు నుంచి పన్నెండు నెలల పిల్లలు నలభై. గుడ్ల లెక్క ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా నిలబెట్టి, నాలుగేసి చొప్పున విడదీసి, ప్రతి నాలుగింటికీ చీటీలు తీశాం. అలా నాలుగు గుంపులు, ఒక్కో దానిలో పది. మొదటి గుంపుకు ఉత్త మజ్జిగ. రెండో గుంపుకు మజ్జిగలో మోదుగ గింజల పొడి, కిలోకు 2 గ్రాములు. మూడో గుంపుకు ఆల్బెండజోల్ అనే నట్టల మందు, కిలోకు 7.5 మిల్లీగ్రాములు. నాలుగో గుంపుకు లెవామిసోల్, కిలోకు 7.5 మిల్లీగ్రాములు. మోదుగలో ఆల్కహాలు సారం వదిలి పొడినే ఎంచుకున్నాను. కాపరి ఇంట్లో చేసుకోగలిగింది అదే. మేత నలభైకీ ఒకే చోట.

మొదటి గుంపు దగ్గర పెద్దాయన అడ్డం తిరిగారు.

"పది పిల్లలకు ఏమీ పోయకుండా వదిలేస్తారా? అవి మాత్రం నా పిల్లలు కావా?"

"వాటిని వదిలేయడం లేదు పెద్దాయనా. మూడు రోజులకొకసారి కళ్లు చూస్తాం. నాలుగో రంగు కనిపించినా, దవడ కింద వాపు తగిలినా ఆ క్షణమే మందు పోసి గుంపు నుంచి తీసేస్తాం. కానీ అవి లేకపోతే మిగతా ముప్పై ఏమి చెప్పినా మనం నమ్మలేం."

ఆయన ఒప్పుకున్నారు కానీ మనసుకు పట్టలేదని ముఖమే చెబుతోంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. పిల్ల పోతే నష్టపోయేది ఆయన, నేను కాదు. అందుకే ఆ పదింటి మీద నా కన్ను అందరికంటే ఎక్కువగా ఉంది. తొమ్మిదో రోజు వాటిలో ఒకదానికి దవడ కింద మెత్తగా తగిలింది. ఆ పూటే లెవామిసోల్ పోసి లెక్కల్లోంచి తీసేశాం.

తూకం దగ్గర ఒక విషయం బయటపడింది. వేలాడే త్రాసుకు గోనెసంచి ఉయ్యాల కట్టి ప్రతి పిల్లనూ తూచాం. త్రాసు ఎక్కించే ముందు బరువు ఎంత ఉంటుందో చెప్పమని పెద్దాయనను అడిగాను. "పదిహేను" అన్న పిల్ల ఇరవై ఒకటి తూగింది. "పన్నెండు" అన్నది పదహారు తూగింది. పెద్దవాటిని ప్రతిసారీ తక్కువే అంచనా వేస్తున్నారు. ఇన్నేళ్లుగా ఆ అంచనాతోనే సీసా మూత నింపి పోస్తున్నారు. అప్పుడు దాన్ని పుస్తకంలో రాసుకున్నాను కానీ దాని బరువు తరువాత తెలిసింది.

మోదుగ పొడి పోయడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. పద్దెనిమిది కిలోల పిల్లకు 36 గ్రాముల పొడి. మజ్జిగలో చిక్కగా అయిపోతుంది. తల మరీ పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అదే ప్రాణం తీస్తుంది. మూతి నేలకు సమానంగా ఉంచి, పెదవి పక్క సందులోంచి, మింగిన తరువాతే తరువాతి గుక్క. పది పిల్లలకు గంటన్నర పట్టింది. లెవామిసోల్ పదింటికి పావుగంటలో అయిపోయింది. నూట యాభై జీవాలున్న మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

పెంటికలు నేల మీద ఏరలేదు. తొడుగు వేసుకున్న వేలితో పేగు నుంచే తీశాం. గుర్తులన్నీ కోడలివే. ఇంటర్ దాకా చదివిన అమ్మాయి, అక్షరం ముత్యంలా రాస్తుంది. ప్రతి సంచి మీద ఒక సంఖ్య మాత్రం రాసి, ఏ సంఖ్య ఏ గుంపుదో తన పుస్తకంలో దాచుకుంది. నేను అడిగినా చెప్పవద్దని ముందే చెప్పాను. ఏది మోదుగ గుంపో తెలిస్తే నా కన్ను తెలియకుండానే తక్కువ లెక్కపెడుతుంది. ఆ చెట్టు గెలవాలని నాకు అంతగా ఉంది.

రెండు గ్రాముల పెంటికలు, 28 మిల్లీలీటర్ల సంతృప్త ఉప్పు ద్రావణం, నూరి, టీ వడపోతలో వడగట్టి, మెక్‌మాస్టర్ పలక రెండు గదుల్లో నింపి, ఐదు నిమిషాలు ఆగితే గుడ్లు పైకి తేలతాయి. గీతల లోపల కనిపించినవన్నీ లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. పదిహేడో నంబరు పిల్లకు మొదటి రోజు 38 కనిపించాయి, అంటే గ్రాముకు 1,900. గుడ్డును చూసి అది హీమాంకస్‌దేనని చెప్పలేం. అందుకే కొన్ని పెంటికలను వారం రోజులు తడిగా ఉంచి పిల్ల పురుగులను పొదిగించి చూశాం. చాలావరకు హీమాంకసే.

పద్నాలుగో రోజు

పద్నాలుగో రోజు సాయంత్రం లెక్కలన్నీ పూర్తయ్యాక కోడలు పుస్తకం తెరిచింది. మొదట మోదుగ గుంపే చదవమన్నాను. సగటు 1,850 నుంచి 700కు దిగింది.

"మూడింట రెండు వంతులు పోయినట్టే కదా!" అని పెద్దాయన లేచి నిలబడ్డారు. నాకు కూడా గొంతు ఆర్చుకుపోయింది. 62 శాతం. ఆ నిమిషంలో ఆయన తాత గెలిచాడు.

తరువాత కోడలు మొదటి గుంపు చదివింది. ఉత్త మజ్జిగ తాగిన తొమ్మిది పిల్లల సగటు 1,800 నుంచి 1,100కు దిగింది. ఏ మందూ లేకుండా!

ఎందుకు తగ్గింది? జనవరి చివర్లో వాన పూర్తిగా ఆగింది. చెరువు గర్భం ఎండి, మంద వేరుశనగ కోసిన చేలల్లోకి మారింది. కొత్త పురుగులు చేరడం తగ్గింది, మంచి మేత దొరికింది. తిండి బాగుంటే గొర్రె ఒళ్లు పురుగును తట్టుకుంటుంది. అంతేకాక, లెక్క బాగా ఎక్కువగా ఉన్న రోజు చూసి ఎంచుకున్న పిల్లలు ఇవి. గుడ్ల లెక్క రోజురోజుకూ ఊగుతుంది, శిఖరం మీద పట్టుకున్నది తరువాత దిగడమే సహజం. తాతగారు జనవరిలో గింజలు పోసి ఫిబ్రవరిలో మంద కోలుకోవడం చూసి ఉంటారు. ఆయన చూసింది నిజమే. ఏమీ పోయని మంద కూడా కోలుకునేదని చూపించడానికి ఆయన దగ్గర ఇంకో మంద లేదు, అంతే.

పద్నాలుగో రోజు ఉత్త మజ్జిగ గుంపుతో పోలిస్తే మోదుగ గుంపులో గుడ్లు 36 శాతం తక్కువ. ఆ 36లో కూడా నాకు రెండు అనుమానాలు ఉన్నాయి, రెండూ చెరో వైపు లాగుతాయి. మొదటి గుంపులో బాగా దెబ్బతిన్న పిల్లను తొమ్మిదో రోజే తీసేశాం కాబట్టి మిగిలిన తొమ్మిదింటి సగటు కొంత తగ్గి ఉంటుంది, దానివల్ల మోదుగకు కొంత అన్యాయం జరిగి ఉండవచ్చు. మరోవైపు మోదుగ గుంపులో నాలుగు పిల్లలకు పెంటికలు గుండ్రంగా రాలేదు, ముద్దగా, నీళ్లగా వచ్చాయి. పెంటికలో నీరు పెరిగితే గ్రాముకు గుడ్లు తక్కువ కనిపిస్తాయి, పురుగులు మాత్రం అన్నే ఉంటాయి. కాబట్టి ఆ 36 శాతంలో కొంత పురుగు చావు, కొంత పారుడు. ఏది ఎంతో నలభై పిల్లలతో తేలదు. కిలోకు 2 గ్రాములు, ఏడెనిమిది నెలలు నిల్వ ఉన్న గింజలు, ఒక్కసారి పోత: ఈ తీరులో ఇది ఈ మందను కాపాడే మందు కాదని మాత్రం తేలింది.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. ఆల్బెండజోల్ గుంపు 1,800 నుంచి 450 దగ్గరే ఆగింది. ఉత్త మజ్జిగ గుంపుతో పోలిస్తే 59 శాతం. తూచి, సరైన మోతాదు పోసి, నా చేత్తో పోసిన మందు! 95 శాతం కంటే తగ్గితే పురుగు ఆ మందుకు లొంగడం లేదని అనుమానించాలి. లెవామిసోల్ గుంపు 1,850 నుంచి 20కి దిగింది, 98 శాతం.

జనవరిలో పెద్దాయన అడిగిన ప్రశ్నకు అప్పుడు సమాధానం దొరికింది. ఆయన దసరాకు, నెల కిందట పోసినవి రెండూ ఆల్బెండజోల్ కుటుంబానికి చెందిన మందులే. వేరువేరు పేర్లు, వేరువేరు సీసాలు, లోపల ఆల్బెండజోలో ఫెన్‌బెండజోలో. ఈ రెండూ పురుగును ఒకే చోట దెబ్బతీస్తాయి. ఒకదానికి తట్టుకున్న పురుగు రెండోదానికీ తట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా పదిహేను అనుకుని ఇరవై ఒకటి ఉన్న పిల్లకు తక్కువ పోయడం, ఏటా అదే రకం మందు, సంతలో కొన్న జీవాలను అదే రోజు మందలో కలపడం. బలహీనమైన పురుగులు చచ్చాయి, గట్టివి మిగిలి పిల్లల్ని కన్నాయి. మోదుగను పరీక్షించడానికి పోల్చి చూసుకోవాలని పెట్టుకున్న మందే పనిచేయడం లేదని తెలియడం ఈ మొత్తంలో నాకు దొరికిన అతి విలువైన సంగతి. ఇన్నాళ్లూ నేను కూడా ఆ సీసాలే రాసిచ్చాను. ఎన్ని మందల్లో ఇలా ఉందో అన్న ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తరువాత

ఆ మందలో ఆల్బెండజోల్ కుటుంబం మందులు ఆపించాను. లెవామిసోల్ కూడా మందంతటికీ పోయలేదు. కళ్లు పాలిపోయినవాటికి మాత్రం తూచి పోశాం. ఎర్రని కళ్లున్న పెద్ద గొర్రెలను ముట్టుకోలేదు. వాటిలో మిగిలే పురుగులు మందు రుచి చూడనివి. గట్టిపడిన పురుగులతో అవి కలుస్తుంటే మందు ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. అన్నిటికీ పోస్తే ఇదీ ఆల్బెండజోల్ దారే పడుతుంది. లెవామిసోల్ మోతాదు పెరిగితే గొర్రె చొంగ కార్చి, వణికి పడిపోతుంది కాబట్టి దానికి తూకం ఇంకా ముఖ్యం. దొడ్డి దూలానికి ఆ త్రాసు ఇప్పుడు శాశ్వతంగా వేలాడుతోంది. సంతలో కొన్నవాటిని మందు పోసి, పెంటికలు చూపించే దాకా విడిగా కట్టేస్తున్నారు.

"మరి మా తాత మందు?" అని పెద్దాయన ఫిబ్రవరి చివర్లో అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పళ్లెంలో సారం పురుగును ఆపింది, అది నా కళ్లతో చూశాను. మందలో పొడి చాలలేదు. గింజ పాతదై సత్తువ తగ్గిందో, 2 గ్రాములు తక్కువైందో, వరసగా రెండు మూడు రోజులు పోయాలో ఇంకా చూడాలి. మోతాదు పెంచాలంటే ముందు గొర్రె తట్టుకుంటుందో లేదో రెండు మూడు జీవాల్లో జాగ్రత్తగా చూడాలి. అప్పటిదాకా ఎవరికీ మోదుగ పోయమని నేను చెప్పను, పోయవద్దని ఆ చెట్టును తీసిపారేయను కూడా.

మొన్న మే నెలలో కోడలు ఫోను చేసింది. కొండ వాలులో కొత్త కాయ ఏరించి, అదే వారం ఒలిచి, నీడలో ఆరబెట్టిందట. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పోసి, మీద తేదీ రాసిన కాగితం అంటించిందట. వానలు పడి చెరువు గర్భంలో పచ్చిక లేచాక మళ్లీ చేద్దామంటోంది. వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఈసారి చీటీలు ఆయనే తీస్తారట, ఏమీ పోయని పదింటికి కూడా.